తెల్లబోయిన పుస్తకం

“మావయ్యా, కంప్యూటరు ఫార్మాట్ చేసేస్తే బాగవుతుందంటావా?”

2024 సెప్టెంబరులో, దసరా ఇంకా మూడు వారాలుందనగా, ఒక రాత్రి పది గంటలకి బరంపురం నుంచి మా మేనకోడలు ఫోను చేసి అడిగిన మొదటి మాట ఇది. క్షేమసమాచారాలు కూడా లేవు. ఫార్మాట్ అన్న మాట వింటే చాలు, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్న పెద్దమనిషి గుర్తొస్తాడు నాకు.

“ఫార్మాట్ సంగతి రేపు చూద్దాం. ముందు జరిగిందేమిటో చెప్పమ్మా” అన్నాను.

జరిగింది ఇదీ. మా బావగారు 2000లో అక్కడి ఒక పట్టుచీరల కొట్టుకి విజువల్ బేసిక్ 6లో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చారు. నేతపనివారికి ఎంత నూలు ఇచ్చారు, ఎన్ని చీరలు తిరిగొచ్చాయి, మజూరీ ఎంత, ముందు తీసుకున్న డబ్బులో ఎంత తగ్గించుకోవాలి, అన్నీ అందులోనే. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. బావగారికి 76 ఏళ్ళొచ్చాయి. చూపు సరిగా ఆనదు. పాత సంగతులు కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండవు. అందుకని ఆ ప్రోగ్రాంని సి షార్ప్ అనే కొత్త భాషలో తిరగరాసే పని కూతురు తన నెత్తిన వేసుకుంది.

పాత ప్రోగ్రాం చదువుతూంటే ఒకచోట నూలు తూకాన్ని 0.75తో గుణించే వరుస కనపడింది. ఎందుకు గుణించారో పక్కన ఒక్క ముక్క లేదు. తండ్రిని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, “అన్నీ హెల్పులో రాశానే! ఎఫ్1 నొక్కి చూసుకో” అన్నారు. ఎఫ్1 నొక్కితే కిటికీ తెరుచుకుంది. ఎడమపక్కన విషయసూచిక వచ్చింది. కుడిపక్కన మాత్రం సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది.

“ఫైలు పాడైపోయింది మావయ్యా. ఆ 0.75 కూడా ఏదో పొరపాటే అయ్యుంటుంది, తీసేస్తాను. దసరాకి నేతవాళ్ళ లెక్కలు తేల్చాలిట, కొట్టువాళ్ళు తొందరపెడుతున్నారు.”

“పొరపాటు కాకపోతేనో? పాతికేళ్ళ నుంచీ ఇటు కొట్టువాళ్ళూ అటు నేతవాళ్ళూ ఒప్పుకుంటున్న లెక్క అది. దాని జోలికి వెళ్ళకు. ముందు ఆ పుస్తకం తెరుద్దాం” అన్నాను.

ఆ రాత్రీ మర్నాడూ మేమిద్దరం ఫోనులో చేసిన పనే ఈసారి కబురు. మన సంఘాల కుటుంబాల్లో ప్రోగ్రాములు రాసే పిల్లలు లేని ఇల్లు తక్కువ. ఇలాంటి పాత ప్రోగ్రాముల మీద ఆధారపడిన కొట్లూ తక్కువేం కాదు. కనుక నలుగురికీ పనికొస్తుందనే రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ‘ఆన్‌లైన్ హెల్ప్’ అనగానే ఈ కాలం పిల్లలకి ఇంటర్నెట్టే తోస్తుంది. 1990లలో దాని అర్థం వేరు. ప్రోగ్రాంతో పాటు అచ్చుపుస్తకం ఇవ్వడానికి బదులు, ఆ పుస్తకాన్ని కంప్యూటరులోనే పెట్టి తెరమీద చదువుకోనివ్వడం ఆన్‌లైన్ హెల్ప్. ఎఫ్1 మీట నొక్కితే ఆ పుస్తకంలో మనకి కావలసిన పుట తెరుచుకోవాలి. ఇంటర్నెట్టుతో దానికి పని లేదు.

ఈ పుస్తకాలు రెండు తరాలవి. మొదటి తరం 1990లో విండోస్ 3.0తో వచ్చింది. ఆ ఫైళ్ళ పేరు చివర హెచ్.ఎల్.పి. అని ఉంటుంది. రెండో తరం 1997లో వచ్చింది. వెబ్ పేజీలనే ఒక కట్టగా కట్టి, ఒకే ఫైలులో కుక్కి తయారుచేసినది. దాని పేరు చివర సి.హెచ్.ఎం. అని ఉంటుంది. మా బావగారిది ఈ రెండో తరం పుస్తకం.

ఇక్కడే మొదటి తప్పు నేను చేశాను. ఆ పుస్తకం చూపించే భాగం ఒకటి విండోస్‌లోనే ఉంటుంది. అది చెడిందేమోనని, దాన్ని మళ్ళీ నమోదు చేయించే ఆదేశం ఒకటి మేనకోడలి చేత కొట్టించాను. యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టించాను. గంటన్నర పోయింది, తెలుపు తెలుపుగానే ఉంది. అప్పుడు బుద్ధొచ్చి, “నీ యంత్రంలో ఇంకేదైనా సి.హెచ్.ఎం. ఫైలు ఉంటే తెరిచి చూడమ్మా” అన్నాను. ఒకటి దొరికింది. నిక్షేపంలా తెరుచుకుంది. అంటే చూపించే భాగంలో లోపమేమీ లేదు. ఈ పరీక్షకి అర నిమిషం కూడా పట్టలేదు. ముందే చేసి ఉంటే గంటన్నర మిగిలేది. రోగి ఎవరో తెలియకుండా మందు పోస్తే ఇంతే మరి.

ఇక రెండో ప్రశ్న. “ఈ ఫైలు నీకెలా వచ్చింది?”

“కొట్లో పాత కంప్యూటరులో ఉన్నదంతా గుమస్తాగారు జిప్పు చేసి ఇంటర్నెట్టులో పెట్టారు. నేను దించుకున్నాను.”

అక్కడ దొరికింది మొదటి ముడి. ఇంటర్నెట్టు నుంచి దించుకున్న ఫైలుకి విండోస్ కనపడని ముద్ర ఒకటి వేస్తుంది. ‘ఇది బయటినుంచి వచ్చింది, జాగ్రత్త’ అని దాని అర్థం. 2004లో విండోస్ ఎక్స్.పి.కి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ నుంచి ఇది ఉంది. ముద్ర ఉన్న జిప్పుని విండోస్‌తోనే విప్పితే, లోపలి ఫైళ్ళన్నిటికీ ఆ ముద్ర అంటుకుంటుంది. సి.హెచ్.ఎం. పుస్తకంలో ఎడమపక్క విషయసూచికని చూపించేది ఒక భాగం, కుడిపక్క పుటని చూపించేది వెబ్ పేజీలు చూపించే మరో భాగం. ఈ రెండోది ముద్రని చూసి పుటని లోపలే ఆపేస్తుంది. అందుకే ఎడమపక్క నిండుగానూ కుడిపక్క తెల్లగానూ ఉంటుంది. కొన్నిసార్లు తెలుపుకి బదులు ‘పేజీకి వెళ్ళడం రద్దయింది’ అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం వస్తుంది. రెంటికీ కారణం ఒకటే కావచ్చు.

మందు సులువే. ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే, అడుగున ‘అన్‌బ్లాక్’ అని ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టి ‘ఓకే’ అనాలి. జిప్పుగా వస్తే, విప్పకముందే జిప్పుకి ఈ పని చేస్తే లోపలివాటికి విడివిడిగా చెయ్యనక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఆ ముద్ర దండగ పని కాదు. సి.హెచ్.ఎం. ఫైలు లోపల ప్రోగ్రాంని నడిపించే ఆదేశాలు దాచవచ్చు. వైరస్‌లు రాసే దుర్మార్గులు ఆ పని చేశారు కూడాను. కొన్ని ఈమెయిలు సేవలు ఈ రకం ఫైళ్ళని అసలు పంపనివ్వకపోవడానికి కారణం అదే. కనుక ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు రాశారో తెలిసిన ఫైలుకే ముద్ర తీయాలి. మా బావగారి పుస్తకం సంగతిలో ఆ అనుమానం లేదు కనుక తీయించాను.

“తీశాను మావయ్యా. ఇంకా తెల్లగానే ఉంది.”

అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. పడుకుని పొద్దున్నే చూద్దామన్నాను. నిద్ర పట్టిందనుకున్నారా? లేదు. ముద్ర తీశాం, చూపించే భాగం బాగానే ఉంది, మరి మిగిలిందేమిటని తెల్లవార్లూ అదే ఆలోచన.

మర్నాడు ఉదయం ఫోనులో, “ఆ ఫైలు ఎక్కడుందో, మొదటినుంచీ చివరిదాకా ఒక్కో ఫోల్డరు పేరూ చదివి చెప్పు” అన్నాను.

“డి డ్రైవు, అందులో నా పని, అందులో సి హ్యాష్...”

“ఆగు, ఆగు. సి పక్కన ఏముందీ?”

“హ్యాష్ గుర్తు మావయ్యా. సి షార్ప్ నేర్చుకుంటున్నాను కదా, ఆ ఫోల్డరుకి ఆ పేరే పెట్టాను.”

దొంగ దొరికాడు. ‘#’ గుర్తు ఫోల్డరు పేరులో ఉండటానికి విండోస్‌కి అభ్యంతరం లేదు. కాని వెబ్ చిరునామాలలో ఆ గుర్తుకి ప్రత్యేకమైన అర్థం ఉంది. దాని ముందున్నది పేజీ చిరునామా, దాని తరవాతది ఆ పేజీ లోపల ఒక చోటు. సి.హెచ్.ఎం. లోపలివి వెబ్ పేజీలే అని చెప్పాను కదా. వాటిని చూపించే భాగం చిరునామా చదువుతూ వచ్చి, ‘#’ దగ్గర ఊరు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మిగతాదాన్ని వీధిపేరు అనుకుంటుంది. లేని ఊళ్ళో వీధి ఎక్కడ దొరుకుతుంది? సి షార్ప్ నేర్చుకునేవాళ్ళు తమ ఫోల్డరుకి ఆ భాష పేరు పెట్టుకోవడం ఎంత సహజమో చూడండి. ఆ ముచ్చటే హెల్పుని మూసేస్తుంది.

ఫైలుని సి డ్రైవులో ‘హెల్ప్’ అనే మామూలు ఫోల్డరు చేసి అందులోకి కాపీ చెయ్యమన్నాను. ఫైలు పేరూ ఫోల్డరు పేరూ ఇంగ్లీషు అక్షరాలతో, పొట్టిగా, ఏ గుర్తులూ లేకుండా ఉండాలి. రెండుసార్లు నొక్కింది.

“వచ్చింది మావయ్యా! కాని... ఇదేం భాష?”

కుడిపక్క నిండా అక్షరాలే. తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ఫ్రెంచివాళ్ళు వాడే టోపీ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, పౌను గుర్తులు కలగాపులగంగా ఉన్నాయిట. ఈసారి నేను కంగారు పడలేదు. పైగా సంతోషించాను. పుస్తకం తెరుచుకుంది, లిపి ఒక్కటే తెలియడం లేదు. తెల్లకాగితం కన్నా అర్థంకాని కాగితం ఎంతో నయం.

2000లో మన కంప్యూటర్లకి తెలుగు రాదు. తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో 1991లోనే చోటు ఇచ్చారు గాని, విండోస్ తనంతట తాను తెలుగు చూపించడం 2001లో ఎక్స్.పి.తో, గౌతమి ఫాంటుతో మొదలైంది. అంతకుముందు ఏం చేసేవాళ్ళమంటే, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు బొమ్మలుగా పెట్టిన ఫాంటులు వాడేవాళ్ళం. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట. ఆ ఫాంటు ఉంటే అది తెలుగు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ స్థానాల్లో అసలున్న పాశ్చాత్య అక్షరాలే కనపడతాయి. బావగారు విషయసూచికని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పుటల్లో మాత్రం అలాంటి ఫాంటుతో తెలుగు రాశారు. అందుకే ఎడమపక్క ఏ ఇబ్బందీ రాలేదు.

“మీ నాన్నగారి పాత కంప్యూటరులో ఫాంట్స్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో తెలుగు ఫాంటు పేరు వెతకమను” అన్నాను. గుమస్తాగారు వెతికి పంపారు. దాన్ని పెట్టుకుని హెల్పు మూసి మళ్ళీ తెరిస్తే, ముత్యాల్లాంటి తెలుగు.

నూలు లెక్కల పుటని ఆ అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. సంగతి ఇదీ. పురుగు కాయ నుంచి తీసిన పచ్చిపట్టు నూలు చుట్టూ సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. సబ్బునీళ్ళలో ఉడకబెడితే ఆ జిగురు పోయి మెరుపూ మెత్తదనమూ వస్తాయి, రంగు పడుతుంది. కాని ఆ జిగురుతోపాటు తూకమూ పోతుంది, సుమారు నాలుగో వంతు. అంటే కొట్టువాళ్ళు కిలో పచ్చిపట్టు తూచి ఇస్తే, ఉడికాక నేతవాడి చేతికి మిగిలేది ముప్పావు కిలో. తిరిగొచ్చిన చీరల తూకాన్ని ఆ ముప్పావుతోనే పోల్చాలి. 0.75 అంటే అదే, తరుగు.

ఆ వరుస తీసేసి ఉంటే ఏమయ్యేది? ప్రతి నేతవాడూ ఇచ్చిన నూలులో నాలుగో వంతు దాచుకున్నట్టు కంప్యూటరు చూపించేది. కిలో వేల రూపాయలు పలికే సరుకు. ఆ మొత్తం మజూరీలోంచి కోతపడేది. అదీ దసరా ముందు. కంప్యూటరు చెప్పిందంటే కొట్టువాళ్ళు నమ్ముతారు. పాతికేళ్ళ నమ్మకం కనుక ఇంకా నమ్ముతారు. మా మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తరవాత, “రాత్రి తీసేద్దామనే అనుకున్నాను మావయ్యా” అంది. తిట్టడానికి నోరు రాలేదు. ముందు నేనే దాన్ని తప్పుదోవ పట్టించినవాణ్ణి కదా.

కథ అక్కడితో అయిపోలేదు. కొట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ప్రోగ్రాం ఒకదాంట్లో ఉంటే, రెండోది తీగ ద్వారా మొదటిదాన్లోని ఫోల్డరుని వాడుకుంటుంది. రెండోదాంట్లో ఎఫ్1 నొక్కితే మళ్ళీ తెలుపే. దీనికి కారణం వేరు. 2005 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక భద్రతా సవరణతో, వేరే యంత్రంలో ఉన్న సి.హెచ్.ఎం. ఫైలు పుటలు చూపించడం ఆగిపోయింది. ఇందాక చెప్పిన దుర్మార్గుల భయంతోనే ఆ కట్టడి. రిజిస్ట్రీలో అంకె మార్చి ఆ కట్టడిని సడలించే మార్గం ఉంది గాని, నేను చెయ్యనివ్వలేదు. దొంగల కోసం వేసిన తలుపుని చుట్టం కోసం ఊడబీకడం ఎందుకు? ఆ ఫైలుని రెండో యంత్రంలోకి కూడా కాపీ చేసి, ప్రోగ్రాం అక్కడినుంచే తెరిచేటట్టు చేశాం.

మరో చిక్కు ఆ అమ్మాయి తానే తెచ్చుకున్నది. పాత ప్రోగ్రాం అర్థం చేసుకోవడానికి అందులో ఒక ఫారం నకలు తీసి కొత్తది చేసింది. కొత్త ఫారంలో ఎఫ్1 నొక్కితే వేరే పుట తెరుచుకుంది. ప్రోగ్రాంకి పుట పేరు తెలియదు, అంకె తెలుసు. ఫారంలో ఒక అంకె ఉంటుంది, పుస్తకంలో ఆ అంకెకి ఫలానా పుట అని పట్టిక ఉంటుంది. ఫారం నకలు తీస్తే అంకె కూడా నకలవుతుంది. పట్టిక లేకుండా పుస్తకం కట్టేస్తే, మ్యాప్ లేదని కసురుతూ ఒక చిన్న పెట్టె వస్తుంది. పుస్తకాన్ని నేరుగా తెరిస్తే సరిగా ఉండి, ఎఫ్1తో తెరిస్తేనే తప్పు వస్తే, లోపం పుస్తకంలో కాక అంకెలోనో, ప్రోగ్రాంలో రాసిన ఫైలు చిరునామాలోనో ఉందన్నమాట.

విజువల్ బేసిక్ 6 సొంత హెల్పు సంగతి కూడా చెప్పాలి. ప్రోగ్రాం రాస్తూ ఎఫ్1 నొక్కితే, ఎం.ఎస్.డి.ఎన్. కలెక్షన్ లేదు, మళ్ళీ పెట్టుకోండి అనే అర్థంలో ఒక వాక్యం వస్తుంది. చాలామంది విజువల్ బేసిక్‌నే తీసి మళ్ళీ పెట్టుకుంటారు. ఫలితం ఉండదు. ఆ హెల్పు ఎం.ఎస్.డి.ఎన్. లైబ్రరీ అనే వేరే సీడీలలో వచ్చేది. అది పెట్టుకుంటేనే పుస్తకం వస్తుంది. ఈనాటి విజువల్ స్టూడియోలో ఎఫ్1 మామూలుగా బ్రౌజరులోకి తీసుకుపోతుంది. నెట్టు లేని చోట పనిచేసేవాళ్ళు, 2022 వరకు వచ్చిన కూర్పుల్లో, హెల్ప్ వ్యూయర్ అనే భాగాన్ని విడిగా పెట్టుకుని, కావలసిన పుస్తకాలు ముందే దించుకుని, హెల్ప్ మెనూలో ఇష్టం మార్చుకోవాలి.

పాత తరం హెచ్.ఎల్.పి. ఫైళ్ళున్నవాళ్ళకి మాత్రం తేలిక దారి లేదు. విస్టా నుంచి విండోస్ వాటిని చూపించే భాగాన్ని తనతో తేవడం మానేసింది. 8.1 దాకా దాన్ని విడిగా ఇచ్చారు. విండోస్ 10కి ఇవ్వలేదు. ఎక్స్.పి. ఉన్న పాత యంత్రం అటక మీద ఉంటే పారెయ్యకండి. అందులో తెరిచి, కావలసిన పుటలు కాగితం మీదకో, మామూలు ఫైలులోకో ఎక్కించుకోండి.

పాఠకుల సౌకర్యం కోసం అంతా వరుసలో పెడుతున్నాను. హెల్పు తెల్లబోతే ఈ క్రమంలో చూడండి.

1. ఇంకో సి.హెచ్.ఎం. ఫైలు తెరవండి. అదీ తెరుచుకోకపోతే లోపం విండోస్‌లో. తెరుచుకుంటే విండోస్ జోలికి పోకండి.

2. మీ ఫైలుని సొంత యంత్రంలో, చిన్న పేరున్న మామూలు ఫోల్డరులోకి కాపీ చెయ్యండి. దారిలో ఎక్కడా ‘#’ ఉండకూడదు.

3. ఎవరు ఇచ్చారో తెలిసిన ఫైలైతే, ప్రాపర్టీస్‌లో ముద్ర తీయండి. తెలియకపోతే తీయకండి.

4. నేరుగా రెండుసార్లు నొక్కి తెరవండి. తెరుచుకుంటే పుస్తకం క్షేమం. ఎఫ్1తోనే చిక్కయితే, ప్రోగ్రాంలోని చిరునామా, ఫారంలోని అంకె చూడండి.

5. అక్షరాలు వచ్చి అర్థం కాకపోతే పాత ఫాంటు వెతకండి.

6. ఇవన్నీ అయ్యాకే ‘పాడైంది’ అన్న మాట అనండి. ఫార్మాట్ అన్న మాట అప్పుడు కూడా అనకండి. హెల్పు కనపడకపోవడానికీ ఫార్మాట్‌కీ సంబంధం లేదు.

ఏడో మాట కూడా ఉంది, అది పుస్తకం తెరుచుకున్న తరవాత చెయ్యవలసినది. సి.హెచ్.ఎం. కట్టని విప్పి మళ్ళీ విడి వెబ్ పేజీలుగా చేసుకోవచ్చు. దానికి వేరే ప్రోగ్రాం అక్కరలేదు. ఆ పుస్తకాన్ని చూపించే హెచ్.హెచ్. అనే ప్రోగ్రాంకే డీకంపైల్ అనే ఆదేశం ఇచ్చి, ఎక్కడ విప్పాలో ఫోల్డరు పేరు చెబితే చాలు. విడి పేజీలు ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటాయి. రేపు విండోస్ ఈ తరం పుస్తకాలని కూడా వదిలేసినా మనకి బెంగ ఉండదు.

మా మేనకోడలు ఆ పని చేసింది. విప్పిన పుటల్ని ఒక్కొక్కటే యూనికోడ్ తెలుగులోకి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మళ్ళీ సి.హెచ్.ఎం.గా కడదామా అంటే వద్దన్నాను. ఆ కట్టకట్టే పరికరం విషయసూచికని యూనికోడ్‌లో తీసుకోదు, కనుక సూచికలో తెలుగు రాదు. మామూలు వెబ్ పేజీలుగా ఉంటే సూచికా తెలుగే, పుటలూ తెలుగే.

దీపావళికి నేను బరంపురం వెళ్ళాను. బావగారు కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెరమీద అక్షరాలు పెద్దవి చేసి ఉన్నాయి. తన పుటని తానే, వేలు పెట్టి, ఒక్కో మాటా చదువుతున్నారు.

“ఏమోయ్, ఇదంతా నేనే రాశానా?” అన్నారు నన్ను చూసి.

“మీరే రాశారు బావగారూ. మీరు రాయకపోయి ఉంటే ఈపాటికి కొట్టు ముందు నేతవాళ్ళందరూ నిలబడేవాళ్ళు.”

ఆయన నవ్వి మళ్ళీ తెరవైపు తిరిగారు. తరుగు పుట చివరిదాకా చదివి, ఆగి, మళ్ళీ పైనుంచి చదివారు. అప్పుడు కూతురితో అన్నారు:

“ఇక్కడొక మాట రాయడం మరిచిపోయానే. జరీ ఉడకబెట్టరు. దానికి తరుగు లేదు. ప్రోగ్రాంలో జరీ తూకం వేరే గడిలో పెట్టాను గాని, ఎందుకు పెట్టానో ఇందులో లేదు. రాసుకో.”

అడిగినప్పుడు గుర్తురాని సంగతి, తన రాత కళ్ళపడగానే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి రాసుకుంది. కింద ఆనాటి తేదీ కూడా వేసింది.

మీ ఇళ్ళలోనూ ప్రోగ్రాములు రాసిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళు రాసిపెట్టిన హెల్పు ఎక్కడుందో ఈ వారమే వెతికి తెరిచి చూడండి. తెల్లగా ఉంటే పై వరుస ప్రకారం వెళ్ళండి. తెరుచుకున్నాక ఆ పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.